చీనదేశపు దేవతార్చనమున గంధము

పంచేంద్రియములలో ఘ్రాణమునకుఁ బండితు లంతగా గౌరవ మిచ్చినట్లు గానరాదు. చక్షుస్సు రూపమును, శ్రోత్రము శబ్దమును గ్రహించి విద్యకు ద్వారము లగుచున్నవి. ముక్కున కట్టి పని యేమియు లేదని లోకుల తలంపు. తర్కసంగ్రహము చదువు బాలుఁడు సైతము పృథివికి గంధవత్త్వము లక్షణమని వల్లించును గాని, యా గంధమే యొక మహాజనసంఘమునకు దేవతలతోడి సంబంధసూత్ర మై యుండు నని తలపోయఁడు. చీనుల పూజావిధానమును బరిశీలించిన వారి కీ యంశము విశద మగును. వారి భాషలో ధూపము వేయుట యనిన దేవతార్చనము సేయుట యనియే యర్థము. దేవతాయాత్రకుఁ బోవుటను 'ధూప మర్పింపఁ బోవుట' యందురు. యాత్రికుఁడు 'ధూపాతిథి' యనఁబడును.

ఈ ధూపాచారము బౌద్ధభిక్షువులవలన మన దేశమునుండియే చీనులకు సంక్రమించినదని యొక పక్షము. అది చీనులకు సహజమే యని మఱియొక పక్షము. స్వదేశాభిమానముగల మనకు మొదటి పక్షము రుచించుట సహజము. కాని చరిత్రవిచారమున నభిమానము ప్రమాణము గాదు. కావున శబ్దములను, విధిగ్రంథములను, భూమిలో దొరకిన వస్తువులను సాక్షులుగాఁ జేసికొని యీ రెండు పక్షములను విచారింతము.

మొదట శబ్దములు. చీనలిపియం దొక్కొక యక్షర మొక్కొక పదమునకు గుఱుతు. క్రీ.శ. 100వ సంవత్సరమున షూ షెన్ అను పండితుఁడు ముగించిన 'ష్వో వెన్' అను నిఘంటువు ఆ యక్షరముల కవయవవ్యుత్పత్తిఁ జెప్పును. మనకు యాస్కుని నిరుక్త మెట్టిదో వారి కది యట్టిది. సువాసనకును, ధూపమునకును వాచక మగు 'శ్యాంగ్' అను పదమునకు గుఱుతు, ఆ నిఘంటువు ననుసరించి, వరిగధాన్యమును దెలుపు నవయవమును మాధుర్యమును దెలుపు నవయవమును గూడి యేర్పడినది. అనఁగాఁ జీనులకు సువాసన మొట్టమొదటఁ బుష్పములది గాదు, చందనాదులది గాదు. అన్నమైన ధాన్యమునందలి కమ్మఁదనము. నివేదనద్రవ్యమునుండి పుట్టిన శబ్దము కాలక్రమమున ధూపమునకుఁ జెల్లినది.

రెండవ శబ్దము 'శ్యూ'. ముక్కును జూపు నవయవము, కుక్కను జూపు నవయవము గలసి యీ యక్షర మైనది. పరుగిడిన మృగముయొక్క జాడను వాసనచేఁ దెలిసికొనునది కుక్క గావున నిట్లు గల్పింపఁబడెనని షూ షెన్ వివరించెను. ఈ పదము ప్రాచీనగ్రంథములందు మంచిచెడ్డల భేదము లేక వాసన కెల్లఁ జెల్లును. నేఁటి వ్యవహారమున నదియే 'ఛౌ' అను నుచ్చారణముతో దుర్గంధమును మాత్రమే తెలుపుచున్నది. తెలుఁగువారి కిందులకు దృష్టాంతము దూరమున లేదు. మన ప్రాచీనకావ్యములందుఁ గంపనఁగాఁ బువ్వులతావి. నేఁ డా మాట విన్న ముక్కు మూసికొందుము. 'వాసన వచ్చుచున్న' దనిన సైతము నిందయే యగుచున్నది. ఈ యర్థసంకోచమును గుర్తింపక చీనుల ప్రాచీనగ్రంథములఁ జదువువానికి, దేవతలు 'శ్యూ'ను గోరుదురను మాట విపరీతముగాఁ దోఁచును.

ఇఁక విధిగ్రంథములు. 'లీ-జీ' యనునది మన కల్పసూత్రములతోఁ బోల్పఁదగిన గ్రంథము. హన్ వంశపు రాజుల కాలమున (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) సంకలిత మైనను, అందలి విషయములు పెక్కు ప్రాచీనతరములు. నగరము వెలుపలఁ జేయు యాగమునుగూర్చిన ప్రకరణమున నందొక భేదము చెప్పఁబడినది. యిన్ వంశమువారు నాదమును బ్రధానముగాఁ గొనిరి; మూఁడు మాఱులు సంగీతము సేసిన పిదపఁగాని యాగపశువును దోడితేరఁ బోరైరి. వారి తరువాత వచ్చిన జౌ వంశమువారు (సుమారు క్రీ.పూ. 1046–256) గంధమును బ్రధానముగాఁ గొనిరి. నల్లవరిగతోఁ జేసిన మద్యమున యూజిన్ అను సుగంధౌషధిని గలిపి నేలపైఁ బోసిరి. ఆ వాసన భూగర్భమందలి జలములదాఁకఁ బోవును. పిదప మాచిపత్రిజాతికిఁ జేరిన మొక్కను ధాన్యముతోడను, గొవ్వుతోడను గలిపి కాల్చిరి. ఆ వాసన గోడలను, ఇంటికప్పును వ్యాపించును.

ఈ రెండు గంధము లేల? మరణించినవాని యందలి 'హున్' అను సూక్ష్మాంశ మాకాశమునకును, 'పో' అను స్థూలాంశము భూమికిని జేరునని వారి మతము. అందుచేఁ బితరుని రెండు దిక్కుల వెదకవలసియున్నది. భూమిలోనికిఁ జొచ్చు గంధ మొకటి, మీఁదికి లేచు గంధ మొకటి యా వెదకుటకు సాధనములు. నేత్రము గోడ కావల నున్నదానిఁ జూడఁజాలదు, హస్త మందుకొనఁజాలదు, గంధము మాత్రము గోడను దాఁటి పోవును. అదృశ్యులను బిలుచుటకు రూపములేని దూతయే తగినదని తలఁచిరి కాఁబోలు.

ఆ ప్రకరణమందే మఱియొక సిద్ధాంతము గలదు. క్రతు వెంత గొప్పదో నివేదనద్రవ్య మంత యపక్వముగా నుండును. ఆకాశమునకుఁ జేయు యాగమున రక్తము, పితరుల మహాయాగమునఁ బచ్చిమాంసము, అంతకుఁ దక్కువదానియందు సగ ముడికినది, కడపటిదానియందుఁ బక్వమైనది. మనుష్యుల కేది రుచియో దేవతల కదియే రుచి యని కాదు. పరమమైన భక్తి రుచి నాశ్రయింపదు, వాసన నాశ్రయించును అని తాత్పర్యము. ఛాందోగ్యోపనిషత్తునందు దేవతలు తినరు, త్రాగరు, అమృతమును జూచియే తృప్తి నొందుదురని చెప్పఁబడినది గదా. దేవతలకు భోజనము లేదనుటలో రెండు జాతులకు సామ్యమే. తృప్తిసాధనము మాత్రము మనయందుఁ గన్ను, వారియందు ముక్కు.

గంధమున కీ విధముగాఁ బ్రాధాన్య మిచ్చినవారు దానిని గేవలద్రవ్యధర్మముగా నుంచి యూరకుండలేదు. క్రీ.పూ. 655లో జిన్ దేశపు సేనలు తన దేశమునుండి దాఁటిపోవుటకు యూ అను చిన్నదేశపు ప్రభువు సమ్మతింపఁబోయెను. గోంగ్ జ్చీ యను మంత్రి వారించెను. తన నివేదనములు సమృద్ధములు, శుద్ధములు గనుక దేవతలు తన్ను రక్షింతురని ప్రభువు పలికెను. దేవతలు ధాన్యపు సువాసనను గాదు, సుచరిత్రముయొక్క సువాసనను గైకొందురని మంత్రి ప్రాచీనవచనముల నుదాహరించి చెప్పెను. ప్రభువు వినలేదు. ఆ యేఁటనే జిన్ సేనలు తిరిగివచ్చుచు యూ దేశమును గబళించినవి. జ్వో జ్వాన్ అను చరిత్రగ్రంథమునఁ గల యీ కథవలన బుద్ధభగవానుని కాలమునకు ముందే చీనులు గంధమును ధర్మమున కుపమానముగాఁ జేసికొనిరని యెఱుంగఁదగును.

పూర్వపక్షియు వారిలోనే పుట్టెను. వాంగ్ ఛోంగ్ (క్రీ.శ. 27 – సుమారు 97) అను స్వతంత్రబుద్ధిగల విద్వాంసుఁడు తన 'లున్ హెంగ్' అను గ్రంథమున నీ మతమును దర్కముచే ఖండించెను. వాసనఁ గొనుటకు ముక్కు, నోరు తెఱచి యుండవలెను. జలుబుచే ముక్కు మూసికొన్న బ్రతికినవానికే వాసన తెలియదు. చచ్చి ముక్కు, నోరు క్రుళ్లిపోయినవాఁ డెట్లు వాసనఁ గొనును? అని యాతని యాక్షేపము. మన చార్వాకుఁడు శ్రాద్ధమును బరిహసించినట్లే యున్నది. అయినను శ్రాద్ధము నిలిచినట్లే యక్కడ ధూపమును నిలిచినది. ఏలయనఁగా నాచారము తర్కమునుండి పుట్టినది గాదు. విడిచిపోయినవారితోడి సంబంధమును విడువలేమి నుండి పుట్టినది.

ఇఁక వస్తుసాక్ష్యము. హబేయ్ మండలమందలి మాన్ ఛెంగ్ అనుచోటఁ గ్రీ.పూ. 113లో మరణించిన ల్యూ షెంగ్ అను రాజకుమారుని సమాధి 1968లోఁ ద్రవ్వఁబడెను. అందుఁ గంచుపై బంగారుఱేకు పొదిగిన ధూపపాత్ర దొరకినది. దాని మూఁత పర్వతాకారము; శిఖరముల నడుమ రంధ్రములు. లోపల వేసిన సుగంధద్రవ్యము రగులునప్పుడు పొగ కొండలమీఁది మేఘమువలె వెలువడును. ఇట్టివానిని 'బో షాన్' పాత్రము లందురు; సిద్ధులు వసించు పర్వతము నవి సూచించునని యభిజ్ఞులు చెప్పుదురు. హూనాన్ మండలమున మా వాంగ్ ద్వీ యనుచోట 1972లోఁ ద్రవ్వఁబడిన క్రీ.పూ. 2వ శతాబ్దినాఁటి సమాధియందు సైతము సుగంధమూలికల సంచులును, ధూపపాత్రలును గనఁబడినవి. బౌద్ధధర్మము చీనదేశముఁ బ్రవేశించుట క్రీ.శ. 1వ శతాబ్ది మాట. కావున ధూపపాత్ర యచటికి బౌద్ధులతోడనే వచ్చినదనుట పొసఁగదు. అయితే హన్ కాలపు పాత్రలు గృహములను, వస్త్రములను వాసించుటకును ఉపయోగింపఁబడినవి. విగ్రహసన్నిధిని ధూపద్రవ్యముఁ గాల్చుటయే నిత్యార్చనముగా నగుట తరువాతి సంగతి. ఇచ్చటనే మన దేశముయొక్క దాన మారంభ మగుచున్నది.

బౌద్ధగ్రంథములు చీనభాషలోనికిఁ బరివర్తితము లగునప్పుడు గంధద్రవ్యముల పేళ్లును వానితోఁ బోయినవి. చందనము 'జాన్ తాన్' అయ్యెను. తగరము 'దో చ్యే లో' అయ్యెను. అగురువునకు మాత్రము చీనులు స్వతంత్రముగా 'ఛెన్ శ్యాంగ్', అనఁగా నీట మునుఁగు సుగంధము, అను పేరిడిరి. అగురు వనఁగాఁ దేలికయైనదని నఞ్‌తత్పురుషముగా విగ్రహము సెప్పిన నీ రెండు నామములకును విరోధము దోఁచును. దేనికంటె గురువైనది లేదో యది యగురువు అని బహువ్రీహిగాఁ గ్రహించినచో, రెండు భాషలు నొక్క ధర్మమునే చెప్పినట్లగును. గాయపడిన చెట్టు శిలీంధ్రము సోఁకిన చోటఁ దన్నుఁ గాచుకొనుటకు స్రవించిన జిగురు కఱ్ఱలో నిండుటచే నా భారము గలుగుచున్నది. ఆరోగ్యముగా నున్న చెట్టున నా సుగంధము లేదు.

శబ్దపరివర్తనమునఁ జీనవిద్వాంసుల జాగరూకత కొక నిదర్శనము. మరణమునకును బునర్జన్మమునకును నడుమ నుండు జీవుని గంధర్వుఁ డని బౌద్ధు లందురు. గంధము నాహారముగాఁ గొనువాఁడు గనుక గంధర్వుఁ డని వసుబంధుఁ డభిధర్మకోశభాష్యమున వ్యుత్పాదించి, సవర్ణదీర్ఘము రావలసినచోట హ్రస్వ మెట్లు వచ్చె నను శంకకు శకంధ్వాదివలె ననియు సమాధానము సెప్పెను. పుణ్య మల్పమైనవాఁడు దుర్గంధమును, అధికమైనవాఁడు సుగంధమును భుజించు నఁట. 651–654 సంవత్సరములలో నా గ్రంథమును బరివర్తించిన శ్వాన్ జాంగ్ (మనము హ్యూయన్‌త్సాంగ్ అనువాఁడు) ఆ పదమును 'గంధాహారశరీరి' యని యనువదించెను. పితరులు గంధమునే కొందురని తరతరములుగా నమ్మినవారి కీ వ్యుత్పత్తి పరాయిదిగాఁ దోఁచియుండదు.

విమలకీర్తినిర్దేశమునఁ గల కథ యింకను మనోహరము. సర్వగంధసుగంధ యను లోకమున గంధోత్తమకూటుఁ డను తథాగతుఁడు శబ్దములతో నుపదేశింపఁడు. బోధిసత్త్వులు గంధవృక్షములక్రిందఁ గూర్చుండి యా పరిమళముచేతనే సమాధి నొందుదురు. ఈ సూత్రమును కుమారజీవుఁడు 406లోఁ జీనభాషలోనికిఁ దెచ్చెను. దీని సంస్కృతమూలము 1999లో లాసానగరమందలి పోతాలప్రాసాదమున దొరకినది. కుమారజీవుఁ డా తథాగతునకుఁ బెట్టిన 'శ్యాంగ్ జీ', అనఁగా గంధరాశి, యను నామము చీనదేశపు బౌద్ధమఠములలో వంటయింటికిఁ బేరైనది. ఆయనయే యా యేఁటఁ బరివర్తించిన సద్ధర్మపుండరీకమునందుఁ జెవికి, నాలుకకు, మనస్సునకు వేయిన్ని రెండువందల చొప్పునను, గంటికి, ముక్కునకు, శరీరమునకు ఎనిమిదివందల చొప్పునను గుణములు చెప్పఁబడినవి. ముక్కు చెవికంటెఁ దక్కువయే గాని కంటికిఁ దీసిపోలేదు.

ఇప్పుడు రెండు ప్రవాహములు గలిసిన స్థలమును జూతము. లియాంగ్ వంశపు వూ చక్రవర్తి (పాలనము 502–549) బౌద్ధధర్మమున మిక్కిలి శ్రద్ధగలవాఁడు. ఆయన కాలమున రాజధానికి దక్షిణమున నాకాశమునకుఁ జేయు యాగమున శుద్ధమగు నగురువును, ఉత్తరమున భూమికిఁ జేయు యాగమునఁ బలు ద్రవ్యములు గలిపిన ధూపమును నియమించిరి. ఆకాశము శుద్ధము, భూమి మనుష్యులకు సన్నిహిత యని కారణము సెప్పిరి. మీఁదికిఁ బోవు గంధ మొకటి, భూమి కొకటి యను జౌవారి విభాగమే యిది. ద్రవ్యములు మాత్రము మాఱినవి. 517లో నా చక్రవర్తియే పితృదేవాలయమునఁ బశుబలిని మాన్పించి, మాంసమునకు బదులుగాఁ బిండితోను, శాకములతోను జేసిన నివేదనములను విధించెను. రక్తముయొక్కయుఁ గొవ్వుయొక్కయు వాసన యెక్కిన మెట్టును ధూపము యెక్కినది. అహింస యనునది యచట నుపదేశముగా మాత్రమే కాక యొక క్రొత్త గంధముగాఁ బ్రవేశించినది.

ఆ క్రొత్త గంధముతోడ నిషిద్ధగంధములును స్థిరపడెను. చీనదేశపు బౌద్ధులు వెల్లుల్లి మొదలగు నైదు ఘాటుశాకములను వర్జింతురు. లశునపలాండువులను నిషేధించిన మనుస్మృతి నెఱిఁగిన మన కిది వింత గాదు. తావోమతాచార్యులును ధూపమును దమదిగాఁ జేసికొనిరి. వారి క్రతు వారంభమునఁ జేయు కార్యము 'ధూపపాత్రను దెఱచుట', అంతమునఁ జేయునది 'ధూపపాత్రను మూయుట'. ఆ పొగతోడ నాచార్యుఁడు తన శరీరమందలి దేవతలను దూతలుగాఁ బైలోకముల కంపును.

పూజ ధూపముపై నిలువఁగా వర్తకము దానివెంటఁ బోయినది. ఛ్వాన్ జౌ రేవున 1974లోఁ ద్రవ్విన 13వ శతాబ్దినాఁటి నావయందు రెండువేల కిలోలకు మించిన సుగంధదారువులు గనఁబడినవి. ఆ శతాబ్దమందే, క్రీ.శ. 1244–45లోఁ, గాకతి గణపతిదేవుఁడు మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనమున సుంకములు విధింపఁబడిన సరకులలోఁ జందనము, కర్పూరము, చీనికర్పూరము, జవ్వాజి, పన్నీరు గలవు. తూర్పుసముద్రపు గంధవాణిజ్యమునఁ దెలుఁగుతీరమును భాగస్వామి యనుట కా శాసనమే సాక్షి.

రాజయాగమునకుఁ బశువు కావలెను, పురోహితుఁడు కావలెను, పదవి కావలెను. ధూపపుఁగడ్డి కవి యేవియు నక్కఱలేదు. పేదరాలు సైతము వెలిగింపఁగలదు. కాఁబట్టి ధూప మిల్లిల్లు సొచ్చి వంశమునకే సంకేత మైనది. 'ధూపాగ్ని' యనిన సంతానపరంపర. ధూపాగ్ని తెగె ననిన వంశము నశించె నని యర్థము. ఫూజియాన్, తైవాన్ ప్రాంతములందుఁ గ్రొత్త యాలయముఁ గట్టినప్పుడు మూలాలయపు ధూపపాత్రనుండి బూదిఁ గొనిపోయి ప్రతిష్ఠింతురు. దీనికి 'ధూపవిభాగ' మని పేరు. మేయ్ జౌ ద్వీపమున వెలసిన సముద్రదేవత మాజు ఆలయములు పెక్కింటికి నిట్టి బాంధవ్యము గలదు. ధ్యానమఠములలోఁ గాలమును గొలుచుటయు ధూపముతోడనే. ఒక కడ్డి కాలునంతసేపు కూర్చుండుట యొక ధ్యానపరిమాణము.

ఈ విచార మిప్పటివారికిఁ బనికిమాలినది గాదు. తైపేనగరమందలి శింగ్ త్యెన్ ఆలయమువారు పరిసరములయొక్కయు భక్తుల యారోగ్యముయొక్కయు క్షేమమును దలఁచి 2014 ఆగష్టు 26వ తేదినుండి ధూపపాత్రలఁ దొలగించి, చేతులు జోడించిన నమస్కారమే చాలు నని ప్రకటించిరి. 2017 జూలై 23వ తేదినిఁ బెక్కాలయములవారు దేవతామూర్తులతో నా నగరవీథుల నూరేఁగి ధూపాచారమును గాపాడుఁ డని కోరిరి. పొగ లేని పూజ పూజ యగునా యనునదియే వివాదము. రెండు పక్షములకును బ్రాచీనాధారము గలదు. మంత్రి గోంగ్ జ్చీ చెప్పిన సుచరిత్రగంధము మొదటివారికిఁ దోడు. శీలము, సమాధి, ప్రజ్ఞ, విముక్తి, విముక్తిజ్ఞానదర్శనము అను నైదింటిని లోపల వెలిగింపవలసిన ధూపములుగాఁ జెప్పిన, హ్వేయ్ నెంగ్ ఆచార్యుని (638–713) పేర వెలసిన గ్రంథమును వారికే తోడు. రెండవవారికి, ఆకాశమును భూమిని గంధముతో వెదకిన జౌవారి విధియే తోడు. తాతముత్తాతల పాత్రనుండి తెచ్చిన బూది చల్లారిన, ధూపాగ్ని తెగె నని వారి దుఃఖము. ఆ దుఃఖమును మూఢత్వ మని తీసివేయుట న్యాయము గాదు.

మొదటి ప్రశ్నకు వత్తము. ప్రకృతి యొకటి, ప్రత్యయ మొకటి చేరి పద మగుచున్నది. ఒక్క ప్రకృతికే గాని, యొక్క ప్రత్యయమునకే గాని వాక్యమునఁ బ్రయోగము లేదు. గంధముచే నదృశ్యులను బిలువవచ్చు నను భావము చీనుల ప్రకృతి. పశువధ లేక చందనాగురువులతో నా పిలుపును జెల్లింపవచ్చు నను విధి మన దేశమునుండి పోయిన ప్రత్యయము. చీనుల ధూపార్చన మీ రెంటివలన నిష్పన్నమైన పదము. ప్రత్యయమును జూచి ప్రకృతిని మఱచినవారు మొదటి పక్షమువారు, ప్రకృతిని జూచి ప్రత్యయమును మఱచినవారు రెండవ పక్షమువారు. దాన మిచ్చినవారి గౌరవము, పుచ్చుకొన్నవారియందుఁ దగిన పాత్రము ముందే యుండినదని యొప్పుకొనుటవలన నించుకయుఁ దగ్గదు.